పాత ఇషాపూర్ 303 కొనే ముందు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 స్టార్ రైఫిల్ గురించే ఇదంతా. మన దేశంలో 303 పౌరులకు నిషిద్ధ బోరు (గొట్టం కొలత). అమెరికాలో చట్టప్రకారం కొనుక్కునే తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. చేతికి తీసుకోగానే బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) తెరిచి, లోపల తూటా లేదని కళ్లతో చూసి, వేలితో తడిమి చూడండి.

బోల్టు మీద ఒక నంబరు, రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప చట్రం) మీద ఇంకో నంబరు

ఆయుధాగారంలో శుభ్రం చేసేటప్పుడు బోల్టులు తారుమారై ఉండొచ్చు, అమ్మకందారు ఏదో ఒకటి తగిలించి ఉండొచ్చు. పాతవస్తువుగా విలువ తగ్గుతుంది, నిజమే. నాకు అంతకంటే పెద్ద బెంగ వేరే ఉంది. బోల్టును ఏ రైఫిల్‌కు ఆ రైఫిల్‌కే సరిచూసి అమర్చేవారు. మారిస్తే తూటా వెనక ఖాళీ, అంటే హెడ్‌స్పేస్, పెరగొచ్చు. తుపాకుల మెకానిక్‌తో గేజి (తూటా ఆకారపు కొలత ముక్క) పెట్టించండి: 0.064 అంగుళాల గేజి మీద బోల్టు మూసుకోవాలి, 0.074 మీద మూసుకోకూడదు. మూసుకుందా, పేల్చవద్దు. కాస్త పొడవైన బోల్టు హెడ్‌తో (బోల్టు ముందు ముక్కతో) చాలాసార్లు సరిపోతుంది.

నంబర్లు కలిసినా అంకెల్ని భూతద్దంతో చూడండి. చుట్టూ అరగదీసిన పల్లం ఉండి, అంకెల అంచులు మాత్రం పదునుగా ఉంటే అవి ఈమధ్య కొట్టినవే.

కర్ర కొత్తదానిలా మెరుస్తోంది

గరుకు కాగితంతో రుద్దేశారు. ముద్రలు మసకబారి, కర్ర అంచు ఇనుము కంటే కిందికి దిగి ఉంటుంది. దీనికి మందు లేదు. బేరమాడి ధర తగ్గించండి, అవిసె నూనె పట్టించి వదిలేయండి. మళ్లీ రుద్దొద్దు, దయచేసి.

ముందు కర్రలో అడ్డంగా స్క్రూ

ఇది ఎవరో చేసిన అతుకుపని కాదు, కర్ర చీలకుండా ఇషాపూర్ వాళ్లే బిగించింది. తీయకండి.

బ్యారెల్ లోపల నల్లగా ఉంది

పాత తూటాల ప్రైమరు (మందును అంటించే చిన్న మూత) వదిలే ఉప్పు తుప్పు పట్టిస్తుంది. నూనెకు ఉప్పు కరగదు. ముందు వేడినీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనె రాయాలి. గుంటలు పడితే మాత్రం పూడవు.

మేగజైన్ చదరంగా ఉంది, ముద్ర 1960ల నాటిది

నకిలీ కాదు, 7.62 తూటాకు చేసిన 2ఏ రకం. 303 తూటా దీనికి పనికిరాదు.

డీపీ అనే ముద్ర

డ్రిల్లుకు మాత్రమే వాడినది. గోడకు తగిలించుకోండి, పేల్చకండి.