గుండెలో రంధ్రం మూసిన తరువాత బిడ్డ బరువు పెరగాలంటే

గుండె కింది గదుల మధ్య పెద్ద రంధ్రంతో పుట్టిన బిడ్డ పాలు తాగేటప్పుడు నుదుట చెమటలు పట్టి, నాలుగు గుక్కలకే అలసి నిద్రపోతుంది. తాగిన కాసిన్ని పాల బలమూ ఆయాసానికే ఖర్చయిపోతుంది. ఆపరేషన్‌తో ఆ ఖర్చు తగ్గుతుంది కనుక, సాధారణంగా ముందు బరువు, కొన్ని నెలల తరువాత పొడుగు పుంజుకుంటాయి.

అయితే ఇంటికి రాగానే పథ్యం మొదలవుతుంది. పప్పు, గుడ్డు పెడితే కుట్లు చీము పడతాయని పెద్దలు అంటారు గాని, గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు ఉన్నది వాటిలోనే. తాతగారు బైపాస్ తరువాత నెయ్యి మానేసిన ఇంట్లోనైతే పసిబిడ్డకూ అదే నియమం పెడతారు; బిడ్డకు మూసింది పుట్టుకతో వచ్చిన రంధ్రమే తప్ప, కొవ్వు పేరుకున్న రక్తనాళం కాదు. ఆపరేషన్ తరువాత ఛాతీలో పాలవంటి ద్రవం చేరిన పిల్లలకు మాత్రం వైద్యులు కొన్ని వారాలు కొవ్వు తగ్గించమంటారు, వారికి నెయ్యి వేయకూడదు.

ఆరు నెలల లోపు తల్లిపాలే ఆధారం. పిండిన పాలలో బలం పెంచే పొడి వైద్యులు చెబితేనే కలపాలి. ఆరు నెలలు దాటాక, పొట్ట చిన్నది కనుక, ఎక్కువ పెట్టడం కన్నా చిక్కగా పెట్టడం ముఖ్యం. చెంచా వంచితే ధారగా కారే రాగి జావ కడుపును నీళ్లతో నింపుతుంది. చెంచాలో నిలిచేంత చిక్కగా కాచి, 5 మి.లీ. నెయ్యి గాని నూనె గాని కలిపితే సుమారు 40 కిలోకేలరీలు అదనంగా అందుతాయి. మెత్తగా మెదిపిన పప్పన్నానికీ, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతానికీ ఇదే పద్ధతి. రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పెడుతూ, ఒక్కో పూట అరగంటలో ముగించాలి, ఎందుకంటే ఆపైన తినే శ్రమే తిన్నదాన్ని హరిస్తుంది. ఏడాది లోపు తేనె వద్దు. పంచదార పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడమూ వద్దు. పుచ్చిన పళ్ల నుంచి సూక్ష్మక్రిములు గుండెకు చేరగలవు. మూత్రం ఎక్కువగా వెళ్లే మందు వాడుతుంటే ద్రవాలు వైద్యులు చెప్పిన కొలతకు మించకూడదు.

బరువును వారానికోసారి, అదే యంత్రం మీద, బట్టలు తీసి చూసి, తల్లీబిడ్డల రక్షణ కార్డులోని గీతపై గుర్తించాలి. రెండు మూడు రోజుల్లోనే బరువు బాగా పెరిగి, కనురెప్పలు ఉబ్బితే అది ఒంట పట్టిన తిండి కాదు, ఒంట్లో చేరిన నీరు. అలా జరిగినా, పాలు తాగేటప్పుడు నుదుట మళ్లీ చెమటలు పడుతున్నా, ఇచ్చిన తేదీ వరకు ఆగకుండా ఆ రోజే వైద్యులకు చూపించాలి.