క్యారవాన్ లాగడానికి పాత కారు కొంటున్నారా? మొగిలి ఘాట్ దిగినవాడి జాగ్రత్తలు

మన వైపు క్యారవాన్ అనగానే షూటింగ్ దగ్గర హీరోలు కూర్చునే పెద్ద బస్సు గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు. కారు వెనక తగిలించుకొని పోయే చిన్న గది. ఒకటే ఇరుసు, రెండు చక్రాలు, లోపల రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు. చిత్తూరులో ఉండే మా బావమరిది బెంగళూరు నుంచి ఒకటి తెచ్చుకున్నాడు. తెచ్చాక గానీ తెలిసిరాలేదు, తన చిన్న కారు దాన్ని కదిలించలేదని. "బావా, బాగా లాగే పాత బండి ఒకటి చూడు" అన్నాడు. తిరుపతిలో నాకు నలుగురు మెకానిక్కులు తెలుసు కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

లాగే బండే చూశాను. తప్పు అక్కడే జరిగింది.

మే నెలలో పలమనేరు నుంచి చిత్తూరుకు దిగుతున్నాం. పలమనేరు దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది, చిత్తూరు 300 చిల్లర. ఆ తేడా అంతా బండి బరువై ముందుకు తోస్తుంది. మొగిలి ఘాట్ సగం దిగేసరికి బ్రేక్ పెడల్ మెత్తబడింది. ఒకసారి తొక్కితే పట్టాల్సింది రెండుసార్లు కొడితే గానీ పట్టడం లేదు. వెనక క్యారవాన్‌కు సొంత బ్రేకులు లేవు, దాని బరువంతా మా కారు బ్రేకులే మోస్తున్నాయి. రెండో గేరులోకి దించి, ఇంజన్ అరుస్తున్నా అలాగే పట్టుకొని ఒక టీ అంగడి పక్కన ఆపాను. ముందు చక్రాల్లోంచి పొగ. అంగడాయన ఏమీ మాట్లాడకుండా బకెట్‌తో నీళ్లు తెచ్చిపెట్టాడు. మావాడు డిస్కుల మీద పోయబోతే చెయ్యి పట్టుకున్నా. కాలిన డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర తిరుగుతుంది. ఆ నీళ్లతో మొహాలు కడుక్కొని గంటసేపు కూర్చున్నాం.

ఎండాకాలం సెలవులకు ఇలాంటి ప్రయాణం అనుకునేవాళ్లు సంక్రాంతి అయ్యాకే బండి వెతకడం మొదలుపెట్టండి. ఏప్రిల్లో తొందరపడి కొంటే నాలాగే కొంటారు. ముందుగా అడగాల్సింది, ఈ బండి ఎంత బరువును ఆపగలదు అని.

బరువు సంగతి

అమ్మినవాడు చెప్పే బరువు ఖాళీ బరువు. నీళ్ల ట్యాంకులో 60 లీటర్లు పోస్తే 60 కిలోలు. ఇంట్లో వాడే గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, సిలిండర్‌తో కలిపితే 30 దగ్గరికి వస్తుంది. బ్యాటరీ, పరుపులు, గిన్నెలు, బియ్యం, మా అత్తగారి ఊరగాయ జాడీలు... మావాడు 700 కిలోలని చెప్పిన క్యారవాన్‌ను బంగారుపాళెం దగ్గర కాటా మీదికి ఎక్కిస్తే 910 చూపించింది. మామిడికాయల లారీల మధ్య వరుసలో నిలబడి తూయించుకున్నందుకు అందరూ నవ్వారు. నవ్వనీయండి, అన్నీ సర్దాకే తూయించండి.

విదేశాల్లో క్యారవాన్ లాగేవాళ్లు కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక లెక్క చెబుతారు. నిండిన క్యారవాన్ బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకూడదని. 1,600 కిలోల కారైతే 1,360 కిలోలు. అది క్యారవాన్‌కు సొంత బ్రేకులున్న దేశాల లెక్క. యూరప్‌లో బ్రేకులు లేని ట్రైలర్‌ను 750 కిలోల దగ్గరే ఆపేస్తారు. మన ఘాట్లకు, మన ఎండకు నేనైతే కారు బరువులో సగం దాటనివ్వను, క్యారవాన్‌కు బ్రేకులు పెట్టించకుండా అసలు కదలను.

ఇంకో సంగతి, మన దేశంలో అమ్మే చాలా కార్ల మాన్యువల్‌లో ట్రైలర్ ఎంత లాగవచ్చో ఉండదు. కొన్నింటిలో లాగొద్దనే రాసి ఉంటుంది. కొనబోయే మోడల్ మాన్యువల్ ముందుగా తెరిచి ఆ పేజీ చదవండి. వద్దని ఉంటే ఆ బండి ఎంత మెరిసినా వదిలేయండి.

ఎలాంటి బండి

ఛాసిస్ (కింది ఇనుప చట్రం) వేరుగా, బాడీ వేరుగా ఉండే బండి మేలు. పాత ఇన్నోవా, క్రిస్టా, స్కార్పియో, బొలెరో, సఫారీ స్టోర్మ్ ఈ కోవలోవి. వీటిలో లాగే బరువు నేరుగా ఇనుప ఛాసిస్ మీద పడుతుంది, వెనక చక్రాలు నడుపుతాయి. ముందు చక్రాలు నడిపే కార్లకు ఒక ఇబ్బంది ఉంది. క్యారవాన్ ముక్కు, అంటే హుక్కుకు తగిలే ముందు కొస, కారు వెనక భాగాన్ని కిందికి నొక్కితే ముందు భాగం కాస్త లేస్తుంది. వానలో, ఏటవాలులో ముందు చక్రాలు జారడం మొదలుపెడతాయి.

తక్కువ రేసులోనే బలం చూపే డీజిల్ ఇంజన్ కావాలి. 2005లో వచ్చిన ఇన్నోవా 2.5 లీటర్ ఇంజన్‌కు 200 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), 2016లో వచ్చిన క్రిస్టా 2.4 లీటర్‌కు మాన్యువల్ గేరు మోడల్‌లో 343. రెంటికీ తేడా గట్టు ఎక్కేటప్పుడే తెలుస్తుంది. గేరుబాక్సు మాన్యువల్ అయితే సరే. ఆటోమేటిక్ కావాలంటే టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు నూనె ద్వారా బలం అందించేది) ఉన్నది చూడండి. డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్చుల ఆటోమేటిక్), ఏఎంటీ (మాన్యువల్ గేర్లనే యంత్రం మార్చేది) బండ్లతో బరువు లాగుతూ ఘాట్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే క్లచ్ వేడెక్కి మొండికేస్తుంది.

తిరుపతి సంతలో ఏమేం దొరుకుతాయి

ఇక్కడ అమ్మకానికి వచ్చే ఇన్నోవాల్లో చాలా వరకు ట్యాక్సీలే. పసుపు బోర్డు తీసేసి తెల్ల బోర్డు వేసుకొని వస్తాయి. అలిపిరి నుంచి తిరుమలకు రానూపోనూ 40 కిలోమీటర్లు అనుకోండి. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి అందులో సగం కొండ మీదే తిరిగిందనుకున్నా 1,250 సార్లు ఎక్కి దిగినట్టు. చదునైన రోడ్డు మీద లక్ష కిలోమీటర్లు తిరిగిన బండికీ దీనికీ పోలికే లేదు. నేను చూపించిన ఒక బండిని మా మెకానిక్ రెండు నిమిషాలు నడిపి దిగి, "ఇంజన్ బాగుండాది సామీ, క్లచ్చే కొండెక్కి కొండెక్కి పలచనైపోయిండాది" అన్నాడు. అప్పుడు నేను నమ్మలేదు. ఆర్‌సీ వివరాలు ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోండి, ముందు ట్రాన్స్‌పోర్ట్ కింద ఉండి తర్వాత మారిందా అని ఆర్టీఓ ఆఫీసులోనూ అడగండి. ట్యాక్సీ అయినంత మాత్రాన కొనొద్దని కాదు. క్లచ్ సెట్టు, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లకయ్యే ఖర్చు ధరలో తగ్గించుకొని కొనండి.

రెండోది నీళ్లలో మునిగిన బండి. చెన్నై మనకు మూడు గంటల దూరం. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో అక్కడ వేల కార్లు మునిగాయి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లోనే కార్లు కొట్టుకుపోయాయి. అలాంటివి కడిగి, పాలిష్ చేసి అమ్ముతారు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, అడుగున గోధుమరంగు గీత కనిపిస్తే నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టే. సీటు పట్టాల సందుల్లో వేలు పెట్టి రుద్దండి, ఎండిన బురద పొడిగా అంటుతుంది. స్టెప్నీ గుంత, డ్యాష్‌బోర్డు కింది తుప్పు పట్టిన స్క్రూలు కూడా చూడాలి. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు ఎండలో ఉంచి తలుపు తీయండి. సెంటు వాసన మరీ ఎక్కువగా ఉంటే నాకు అనుమానమే.

ఢిల్లీ బండ్లూ వస్తాయి. అక్కడ పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి తక్కువకు దొరుకుతాయి. ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు లెక్క వేశాక ఆ తక్కువ ఎంత మిగులుతుందో చూసుకోండి.

పొద్దున్నే వెళ్లండి

బండి చూడ్డానికి వస్తున్నామని చెప్పేటప్పుడే ఇంజన్ ఆన్ చేసి ఉంచొద్దని అడగండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారు. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూడాలి. కూలెంట్ మీద నూనె తెట్టు కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్‌లో నూనె, నీళ్లు కలవకుండా ఆపే పొర) పోయినట్టు. వేడి మీద ఆ మూత తీశారో, మొహం కాలుతుంది. టైర్ల పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం చేసింది. రబ్బరు ఎంత మందంగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైర్లతో క్యారవాన్ లాగకండి. క్యారవాన్ టైర్లకూ ఇదే మాట. నెలల తరబడి కదలకుండా నిలబడ్డం వల్ల అవి ఇంకా ముందే పగుళ్లిస్తాయి.

కారు కిందికి దూరి వెనక ఛాసిస్ చివర చూడండి. వెల్డింగ్ మచ్చలు, ఎక్కువ రంధ్రాలు ఉంటే ఇంతకుముందు ఎవరో ఏదో లాగారు. ఎవరు, ఎంత బరువు అని అడిగితే చెప్పే అమ్మకందారు నాకింకా తగల్లేదు.

నడిపి చూడ్డం ఊళ్లో కాదు

అమ్మేవాడు బైపాస్ మీద రెండు రౌండ్లు వేయించి తెచ్చేస్తాడు. ఒప్పుకోకండి. ఆరుగురు మనుషుల్ని ఎక్కించుకొని, డీజిల్ మీరే పోయించి, భాకరాపేట ఘాట్ ఎక్కించండి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది అక్కడే, కాబట్టి నింపాదిగా పోండి. వెనక ఎవరూ లేనిచోట, మలుపుకు దూరంగా, ఏటవాలులో ఆపి హ్యాండ్‌బ్రేక్ వేయండి. నిలబడాలి. అక్కడి నుంచే మొదటి గేరులో కదిలించండి. కాలిన వాసన వచ్చినా, వణికినా క్లచ్ పని అయిపోయింది. మూడో గేరులో గట్టిగా తొక్కితే రేసు పెరిగి స్పీడు పెరగకపోతే ప్లేటు జారుతోంది. ఏసీ వేసే ఎక్కించండి, టెంపరేచర్ ముల్లు మధ్య గీత దాటకూడదు.

దిగేటప్పుడు అసలు పరీక్ష. రెండో గేరులో దించుతూ నాలుగైదుసార్లు బ్రేకు వేసి చూడండి. చివరిసారి కూడా పెడల్ మొదటిసారి ఉన్నంత గట్టిగా ఉండాలి. పాత బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకొని ఉంటుంది, వేడికి మరిగి పెడల్‌ను మెత్తబరుస్తుంది. మా బండికి జరిగింది అదే. కింద ఆపాక ప్రతి చక్రం దగ్గరా చెయ్యి కాస్త దూరంగా పెట్టండి, ఒక్కటే మిగతావాటికంటే వేడిగా ఉంటే ఆ క్యాలిపర్ (డిస్కును నొక్కి పట్టే బ్రేకు భాగం) పట్టేసి ఉంది. ఆ రోజు నేను ఈ పని చేసి ఉంటే మొగిలిలో ఆ టీ తాగే పని ఉండేది కాదు.

హుక్కు

మన ఇనుప పనివాళ్లు ట్రాక్టర్ ట్రాలీలకు చేసినట్టే కారుకూ ఒక కొక్కెం వెల్డ్ చేసిస్తారు. బంపర్‌కు వెల్డ్ చేసిన కొక్కేన్ని నేను కళ్లారా చూశాను, ఫోటో కూడా తీశాను. క్యారవాన్ బరువు ఛాసిస్ మీద పడాలి, బోల్టులతో బిగించాలి. కారుతో వచ్చే చిన్న స్క్రూ రింగు, చెడిపోయిన కారును లాక్కెళ్లడానికిచ్చింది, దీనికి కాదు. హుక్కు చివరి గుండు (బాలు) సైజు, దాన్ని పట్టుకునే క్యారవాన్ గుప్పిటకు సరిపోవాలి. 50 మిల్లీమీటర్లదీ, రెండంగుళాలదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ ఒకటి కాదు. సేఫ్టీ చైను, వెనక లైట్ల వైరింగు తప్పనిసరి.

ముక్కు బరువు బాత్రూం కాటా మీద చూడొచ్చు. ముక్కు కింద చెక్కముక్క నిలబెట్టి కాటా మీద దించండి. మొత్తం బరువులో ఏడెనిమిది శాతం ఉండాలి. మా 910 కిలోలకు 65 దగ్గర. సామాను వెనక్కి సర్దితే ముక్కు తేలికై, లారీ పక్కనుంచి దూసుకెళ్లగానే క్యారవాన్ తోక ఊగుతుంది. ఊగితే బ్రేకు తొక్కకండి, స్టీరింగు అటూ ఇటూ తిప్పకండి, రేసు మీద కాలు మెల్లగా తీసేయండి.

కాగితాల విషయం ఒక్క మాటలో అయ్యేది కాదు గానీ, ట్రైలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ కావాలి, మోటారు వాహనాల చట్టంలో అది కూడా వాహనమే. కారుకు హుక్కు పెడుతున్నట్టు ఆర్టీఓకూ, ఇన్సూరెన్సు వాళ్లకూ చెప్పి, వాళ్ల సమాధానం రాతలో తీసుకోండి. బండి కొనేటప్పుడు యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, లోను ఉంటే అది తీరిందని చూపే ఫారం 35 చేతికి రాకుండా డబ్బు పూర్తిగా ఇవ్వకండి.

తిరుమలకు క్యారవాన్ తగిలించుకొని పోయే ఆలోచన వద్దు. కింద పెట్టేసి బస్సెక్కండి. మొదటి ప్రయాణం శ్రీకాళహస్తి వైపు, గట్లు లేని రోడ్డు మీద పెట్టుకోండి. తిరిగొచ్చాక హుక్కు బోల్టులన్నిటికీ స్పానర్ వేసి చూడండి. మాకు నాలుగింటిలో రెండు వదులయ్యాయి.