ఇంటి పెద్ద పోయాక మిగిలిన లైసెన్సు తుపాకీని ఏం చేయాలి

ఇంటి పెద్ద కాలం చేసిన తరువాత అటక మీదో బీరువా వెనకో ఒక డబుల్ బ్యారెల్ తుపాకీ, దాని పాత లైసెన్సు మిగిలిపోయిన కుటుంబాలు తెలుగు జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. అడవిపందుల నుంచి పంటను కాపాడుకోవడానికో, ఊరికి దూరంగా ఉన్న ఇంటి రక్షణకో ఒకనాడు తీసుకొన్న ఆయుధం అది. అయితే లైసెన్సు మనిషికి ఇచ్చేదే కాని ఇంటికి ఇచ్చేది కాదు కనుక, ఆయన కన్నుమూయడంతోనే దానిని ఇంట్లో ఉంచుకొనే అనుమతి కూడా ముగిసిపోతుంది. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం అటువంటి తుపాకీని అనవసర జాప్యం లేకుండా దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గర గాని డిపాజిట్ చేయాలి. పెద్దకర్మ అయ్యాక చూద్దామని వాయిదా వేసిన పని ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడం మామూలే. లైసెన్సు లేని ఆయుధం దొరికితే జైలుశిక్ష తప్పదని తెలిసినవారు కూడా ఈ విషయంలో ఉదాసీనంగా ఉంటారు.

అన్నిటికంటే ముందు, తుపాకీ చేత పట్టడం తెలియనివారు దానిని ముట్టుకోకూడదు. పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ అయితే పైనున్న మీటను పక్కకు నెట్టి గొట్టాలను వంచినప్పుడు, తూటాలు ఉంటే గొట్టాల మొదట్లో వాటి ఇత్తడి అడుగులు కనిపిస్తాయి. ఖాళీగా ఉంటే గొట్టం గుండా అవతలి వెలుతురు కనిపిస్తుంది. గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకీలో ఈ సౌకర్యం లేదు. ఎప్పుడో దట్టించి వదిలేసిన మందు తడి తగలకుండా ఉంటే ఎన్నేళ్ల తరువాతైనా పేలగలదు, లోపల అది ఉన్నదీ లేనిదీ బయటికి తెలియదు. కాబట్టి గది తలుపు వేసి, పిల్లలను దూరంగా ఉంచి, స్టేషన్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పి, వారు చెప్పిన విధంగా అప్పగించాలి. చెప్పకుండా తుపాకీ పట్టుకొని బస్సో బండో ఎక్కడం మంచిది కాదు. తుపాకీ నంబరు, తూటాల సంఖ్య రాయించి రసీదు తీసుకోవాలి.

ఆ తరువాత తీరికగా ఆలోచించవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ తుపాకీ మనకు నిజంగా అవసరమా? మన దేశంలో ఆయుధం కలిగి ఉండటం ప్రాథమిక హక్కు కాదు, ప్రభుత్వం కారణం చూసి ఇచ్చే అనుమతి. వంశ గౌరవం కోసమో, నలుగురిలో దర్జా కోసమో ఉంచుకోవాలనుకొంటే అది చాలిన కారణం కాదని నా గట్టి అభిప్రాయం. దొంగ వస్తాడో రాడో తెలియదు కాని, ఆ ఇంట్లో పిల్లలు, కోపం, తాగుడు, దిగులు మాత్రం రోజూ ఉండేవే. బతుకు మీద విరక్తి కలిగిన ఘడియ చాలాసార్లు దాటిపోతుంది. ఆ ఘడియలో తుపాకీ చేతికందితే మాత్రం దాటే అవకాశమే మిగలదు. పొలంలో అడవిపందుల బెడద ఉన్న రైతు సంగతి వేరు, ఆయన అవసరాన్ని చట్టమే గుర్తించింది.

అవసరం ఉందని తేలితే, 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం వారసుడు తన పేరిట లైసెన్సు కోరవచ్చు. హైదరాబాద్ వంటి నగరాల్లో పోలీసు కమిషనరు, జిల్లాల్లో కలెక్టరు దీనిని పరిశీలిస్తారు. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. శారీరక, మానసిక ఆరోగ్యంపై వైద్యుని ధ్రువపత్రం, ఆయుధ భద్రతా శిక్షణ పత్రం, మిగిలిన వారసుల సమ్మతి సిద్ధం చేసుకోవాలి, పోలీసు విచారణ కూడా ఉంటుంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత సాధారణంగా ఒక వ్యక్తి పేరిట రెండు తుపాకులకు మించి ఉండకూడదు, లైసెన్సు గడువు ఐదేళ్లు.

లైసెన్సు వచ్చాక బాధ్యత మొదలవుతుంది. తుపాకీని గోడకు బిగించిన ఉక్కు బీరువాలో, తూటాలను వేరే తాళం కింద ఉంచి, రెండు తాళంచెవులూ లైసెన్సుదారు ఒక్కరి దగ్గరే ఉండేలా చూడాలి. తలగడ కింద పెట్టుకోవడం రక్షణ కాదు. తుపాకీలో తూటా ఉన్నట్టే ఎప్పుడూ భావించాలి. శుభ్రం చేసేటప్పుడు సైతం గొట్టాన్ని మనిషి వైపు తిప్పకూడదు, పేల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. బావమరిది అడిగాడనో స్నేహితుడు ముచ్చటపడ్డాడనో చేతికివ్వకూడదు. పెళ్లి ఊరేగింపుల్లో, జాతరల్లో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే 2019 సవరణ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. పైకి కాల్చిన గుండు ఎక్కడో ఒకచోట కిందికి దిగక తప్పదు, అది ఎవరి మీద పడుతుందో కాల్చినవారి చేతిలో ఉండదు.

ఇంట్లో ఎవరైనా దిగులులో కూరుకుపోయినా, ఆస్తి తగాదా ముదిరినా, లైసెన్సుదారు మద్యానికి అలవాటు పడినా, ఆ గడ్డుకాలం గడిచే వరకు తుపాకీని డీలరు దగ్గర భద్రపరచడం వెంటనే చేయవలసిన పని. ఈ మాట ఆయనతో చెప్పడానికి ఇల్లాలు, పిల్లలు వెనకాడకూడదు. ఎన్నికల సమయంలో డిపాజిట్ చేయమని ఉత్తర్వు వస్తే అవమానంగా భావించకుండా అప్పగించాలి. వయసు మీద పడి చేయి వణుకుతున్నప్పుడు, చూపు తగ్గినప్పుడు లైసెన్సుదారే ముందుకు రావాలి: 70 ఏళ్లు నిండినా, తుపాకీ తీసుకొని 25 ఏళ్లు గడిచినా వారసుని పేరు సూచించే వీలు నియమాల్లోనే ఉంది. ఎవరికీ అవసరం లేదనుకొంటే అర్హత ఉన్నవారికి చట్టప్రకారం అమ్మి గాని, ప్రభుత్వానికి అప్పగించి గాని, లైసెన్సు రికార్డులో ఆ ఆయుధాన్ని తొలగించినట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి.