గురి పాఠాలు – 5: స్లగ్ గన్‌కి ఏ స్కోప్?

పోయిన భాగంలో స్లగ్‌ల సంగతి చూశాం, అంటే షాట్‌గన్‌లో చిన్న గుళ్లకి బదులు వేసే ఒంటి పెద్ద గుండు. నునుపు బ్యారెల్‌కి ఫాస్టర్ స్లగ్, లోపల గాడులున్న బ్యారెల్‌కి సాబో స్లగ్. మొదటిది 70 గజాల దాకా నమ్మకం, రెండోది 150 దాకా. ఈ అంకెలు గుర్తుంటే చాలు, ఈ రోజు పని వాటితోనే.

ప్రతిసారీ చెప్పేదే మళ్లీ చెప్తాను. మన దేశంలో జింకని కొడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు. ఈ పాఠాలు రాసేది గుంటూరులో అయినా, అమెరికాలో లైసెన్సు తీసుకుని సీజన్‌లో వెళ్లే మన పిల్లల కోసం. మా మేనల్లుడు ఇల్లినాయ్‌లో ఉంటాడు. అక్కడ నేలంతా బల్లపరుపు, మొక్కజొన్న చేలు, వాటి మధ్య ఇళ్లు. రైఫిల్ గుండు తప్పితే ఎవరింట్లో తేలుతుందో చెప్పలేం కాబట్టి జింకల వేట ఏళ్ల తరబడి ఎక్కువగా షాట్‌గన్ స్లగ్‌లతోనే సాగింది. 2023 నుంచి కొన్ని రకాల సింగిల్ షాట్ రైఫిళ్లకీ అనుమతి వచ్చింది. మావాడు మాత్రం పాత 12 బోర్‌నే పట్టుకున్నాడు.

పోయిన నవంబరులో వాడి నుంచి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. కుడి కనుబొమ్మ మీద నెలవంకలా గాటు, దాని మీద ప్లాస్టర్. కింద ఒక్కటే లైను: "మావయ్యా, స్కోప్ కొట్టింది."

సేల్‌లో చవకగా వచ్చిందని 3-9×40 రైఫిల్ స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు) తెచ్చి బిగించాడట. మన ఇన్సాస్ రైఫిల్ గుండు సుమారు 4 గ్రాములు. ఒక ఔన్సు స్లగ్ 28 గ్రాములు, అది సెకనుకి దాదాపు 490 మీటర్ల వేగంతో బయటికి వెళ్తుంది. అంత బరువు ముందుకి పోతే తుపాకీ వెనక్కి తన్నకుండా ఉంటుందా? కన్నుకీ స్కోప్ వెనక అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. వాడి స్కోప్‌కి అది మూడు అంగుళాలు. స్లగ్ గన్‌కి నాలుగైనా ఉండాలి. జూమ్ పెంచితే కొన్ని స్కోపుల్లో ఈ దూరం ఇంకా తగ్గిపోతుంది, కాబట్టి డబ్బా మీద ఐ రిలీఫ్‌కి రెండు అంకెలుంటే చిన్నదే చూడండి.

బిగించేటప్పుడు చలికోటు వేసుకునే బిగించండి. టీషర్టులో కొలత తీసి, కోటులో వేటకెళ్తే కన్ను అంగుళం వెనక్కి పోతుంది, బొమ్మ చుట్టూ నల్లటి నీడ వస్తుంది. గుంటూరు ఎండలో ఉన్న నాకు ఇది తట్టలేదు, వాడు చెప్తేనే తెలిసింది.

ఇక పవర్. ఎక్కువైతే మంచిదనుకోవడం ఫోన్ కెమెరాలు నేర్పిన జబ్బు. 9 పవర్‌లో వంద గజాల దగ్గర కనిపించే వెడల్పు 14 అడుగులకి మించదు. అదే 30 గజాల్లో నాలుగు అడుగులు. జింక ఒళ్లే అంతకంటే పొడవు! స్కోప్ నిండా గోధుమరంగు బొచ్చు తప్ప అది తలో తొడో తెలియదు. స్లగ్ పోయే దూరానికి 1.5-4 గానీ 2-7 గానీ సరిపోతుంది. జూమ్ లేకుండా 2.5 పవర్ ఒక్కటే ఉన్నదైనా నాకు ఇష్టమే, చెడిపోయే మరలు తక్కువ.

ఇంకో లెక్క వెలుతురుది. జింకలు బయటికొచ్చేది మునిమాపున. ముందు అద్దం వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు చుక్క ఎంతుంటుందో తెలుస్తుంది. తుపాకీ అక్కర్లేదు, ఇంట్లో బైనాక్యులర్ ఉంటే చాలు. నేను మొన్న సాయంత్రం 8×40ది డాబా మీదికి తీసుకెళ్లి, చెయ్యి చాచి, ఆకాశం వైపు పట్టుకున్నాను. వెనక అద్దాల మధ్యలో తెల్లటి గుండ్రటి చుక్కలు రెండు. స్కేలు పెడితే ఒక్కోటి 5 మిల్లీమీటర్లు. 40ని 8తో భాగిస్తే వచ్చేది అంతే. చీకట్లో కుర్రాళ్ల కనుపాప 7 దాకా తెరుచుకుంటుంది, నా వయసులో 5 ఉంటే గొప్ప. 3-9×40ని 9కి తిప్పితే చుక్క 4.4కి కుంచించుకుపోతుంది. 2-7×32ని 4 దగ్గర ఉంచితే 8. మునిమాపున ఏది గెలుస్తుందో మీరే చెప్పండి.

ప్యారలాక్స్, అంటే కన్ను కాస్త పక్కకి జరిగితే గురి గీత కూడా లక్ష్యం మీద జరిగినట్టు కనిపించడం. దాని మాట క్లుప్తంగా: షాట్‌గన్ కోసం చేసిన స్కోపుల్ని సాధారణంగా 50 లేదా 75 గజాలకి సరిచేస్తారు, రైఫిల్ స్కోపుల్ని ఎక్కువగా వందకీ ఆపైకీ. దొరికితే మొదటిదే తీసుకోండి.

రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్కతో గురి చూపే సాధనం) సంగతి అడిగేవాళ్లున్నారు. దానికి ఐ రిలీఫ్ బాధే లేదు, కనుబొమ్మ క్షేమం. 3 ఎంఓఏ (ఒక ఎంఓఏ అంటే వంద గజాల దగ్గర సుమారు అంగుళం) చుక్క 50 గజాల దగ్గర అంగుళంన్నర మేర కప్పుతుంది, చాలు. ఆస్టిగ్మాటిజం (కంటి వంపులో తేడా) ఉన్నవాళ్లకి మాత్రం ఆ చుక్క కాకరపువ్వొత్తిలా విరజిమ్మినట్టు కనిపిస్తుంది. నాకూ అంతే. షాపులోనే ఫోన్ కెమెరాతో చూడండి. అందులో గుండ్రంగా ఉంటే లోపం వస్తువుది కాదు, మీ కంటిది.

ఏమీ వద్దు, బ్యారెల్ చివరి పూసే చాలంటారా? పూస కంటికి గజం దూరంలో ఉందనుకోండి. చెంప పావు అంగుళం లేస్తే 50 గజాల దగ్గర గుండు పన్నెండు అంగుళాలు తప్పుతుంది.

చాలామంది పట్టించుకోనిది మౌంట్, అంటే స్కోప్‌ని తుపాకీకి పట్టి ఉంచే బిగింపు. షాట్‌గన్ బ్యారెల్ ఊడదీసి బిగించేది కాబట్టి అతుకు దగ్గర కాస్త ఆడుతుంది. స్కోప్‌ని రిసీవర్ (ట్రిగ్గర్ పైనుండే తుపాకీ మధ్య భాగం) మీద పెడితే బ్యారెల్ దారి బ్యారెల్‌ది, స్కోప్ దారి స్కోప్‌ది. పట్టీ బ్యారెల్‌కే అతికి వెనక్కి సాగి ఉండే క్యాంటిలీవర్ రకం తీసుకుంటే రెండూ కలిసే కదులుతాయి. స్కోప్‌లో కొంత తగ్గించుకున్నా సరే, డబ్బు ఇక్కడ పెట్టండి.

ఇంటిపని: తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, కోటు వేసుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. చెంప ఆనాక కళ్లు తెరవండి. నిండు గుండ్రం కనిపించాలి. మెడ సాచాల్సి వస్తే స్కోప్ ముందుకో వెనక్కో జరపాలి, తల ఎత్తాల్సి వస్తే బట్ మీద చెంప ఆనే చోట మెత్తటి ప్యాడ్ కట్టాలి. పదిసార్లు చేసి, ఎన్నిసార్లు కుదిరిందో రాసుకోండి. ఎనిమిది దాటినవాళ్లకి ఆరో భాగంలో జీరో చేయడం (స్కోప్ గురి, గుండు తగిలే చోటు ఒకటయ్యేలా సరిచేయడం), 25 గజాల దగ్గర మొదలుపెట్టి.