పాత తరం బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను ఇప్పటివాళ్లతో ఎలా పోల్చాలి?

నల్లగొండలో పొద్దున గ్రౌండ్‌కు వచ్చే పిల్లలు చాలామంది ఫోన్‌లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్ చూసుకుంటూనే వస్తారు. ప్రాక్టీస్ అయిపోయి చాయ్ కాడ నిలబడ్డారంటే ఇక ఒకటే లొల్లి. ఒకరు "పాతకాలపు చాంబర్లిన్ సీజన్ మొత్తం మ్యాచ్‌కు సగటున 50 పాయింట్లు కొట్టిండు, ఇంకేం మాట్లాడతవ్" అంటారు. ఇంకొకరు "అప్పుడు ఆడినోళ్లు ఎవరన్నా, ఇప్పుడైతే ఆయనకు బెంచీ మీద కూడా చోటు దొరకదు" అంటారు. ఒకరు అంకె పట్టుకుని, ఇంకొకరు రెండు నిమిషాల వీడియో పట్టుకుని తీర్పు చెప్పేస్తున్నారు. ఈ పనికి ఒక పద్ధతి ఉంది, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. దాదాపు అందరూ చెడగొట్టేది నాలుగో మెట్టు దగ్గర, అందుకే నేను అక్కడ ఎక్కువసేపు ఆగుతాను, మీరూ ఆగండి.

కావాల్సినవి: ఒక నోటు పుస్తకం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్, బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్. ఎక్సెల్ వద్దు. చేత్తో రాస్తేనే అంకె బుర్రకెక్కుతుంది.

మొదటి మెట్టు: ఏ సీజన్‌తో ఏ సీజన్?

"ఎవరు గొప్ప" అని మొదలుపెడితే తెల్లారినా తేలదు. ఈయన ఈ సీజన్, ఆయన ఆ సీజన్ అని రాసుకోండి. కెరీర్ మొత్తం పాయింట్లు పోల్చొద్దు, అసలే వద్దు. కరీం అబ్దుల్ జబ్బార్ 20 సీజన్లు ఆడి 38,387 పాయింట్లు చేశాడు, 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ దాన్ని దాటాడు. అయితే కరీం కాలేజీ పూర్తి చేసి 22 ఏళ్లకు లీగ్‌లోకి వచ్చాడు, లెబ్రాన్ స్కూల్ నుంచి నేరుగా 18 ఏళ్లకే వచ్చాడు. ఆ మొత్తాల్లో ఆట ఎంతుందో, ఆడిన కాలం ఎంతుందో విడదీయలేం.

ఇక్కడ ఉదాహరణకు విల్ట్ చాంబర్లిన్ 1961-62 సీజన్, జేమ్స్ హార్డెన్ 2018-19 సీజన్ తీసుకుంటున్నాను. ఒకరు సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడుగాటివాడు), ఇంకొకరు గార్డ్ (బయట నుంచి బంతి నడిపేవాడు) కదా అంటారు. పొజిషన్ కలవనక్కర్లేదు, పని కలవాలి. ఇద్దరూ ఆ ఏడు జట్టు స్కోరు భారమంతా మోసినవాళ్లే.

రెండో మెట్టు: అప్పటి రూల్స్

ఒక పేజీ చాలు. 24 సెకన్లలోపు షాట్ వేయాలన్న షాట్ క్లాక్ రూల్ 1954-55లో వచ్చింది. అంతకుముందు బంతి పట్టుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చు. 1950 నవంబర్ 22న ఫోర్ట్ వేన్ జట్టు మినియాపొలిస్ లేకర్స్‌ను 19-18తో ఓడించింది, అది పూర్తి మ్యాచ్ స్కోరు. అందుకే షాట్ క్లాక్‌కు ముందు ఆడినవాళ్లను ఇప్పటివాళ్లతో పోల్చకండి, అది వేరే ఆట. రింగు ముందున్న లేన్ వెడల్పు మొదట ఆరడుగులు, జార్జ్ మైకన్ అనే పొడుగాటి సెంటర్‌ను రింగుకు దూరం పెట్టడానికి 1951లో పన్నెండు చేశారు, చాంబర్లిన్ వచ్చాక 1964లో పదహారు చేశారు. త్రీ పాయింట్ లైన్ (దాని బయట నుంచి వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లు) 1979-80 నుంచి. జోన్ డిఫెన్స్‌కు (మనిషిని కాక చోటును కాపలా కాయడానికి) అనుమతి 2001-02 నుంచి. బయట ఆడే గార్డ్‌ను చేత్తో ఆపడం మీద గట్టిగా విజిల్ వేయడం 2004-05 నుంచి.

ఇంకొకటి, బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ను చేత్తో ఆపడం), స్టీల్స్ (బంతి లాక్కోవడం) 1973-74 దాకా లెక్కే పెట్టలేదు. చాంబర్లిన్‌కు బ్లాకుల కాలమ్ ఖాళీగా కనిపిస్తే బ్లాక్ చేయలేదని కాదు, ఎవరూ రాయలేదని.

మూడో మెట్టు: లీగ్ సగటు

ఇది పది నిమిషాల పని. ఆ సీజన్‌లో ఒక్కో జట్టు సగటున ఎన్ని పాయింట్లు చేసింది, ఎన్ని షాట్లు వేసింది, ఎంత శాతం పడ్డాయి. 1961-62లో జట్టుకు 118.8 పాయింట్లు, దాదాపు 108 షాట్లు, 42.6 శాతం. 2018-19లో 111.2 పాయింట్లు, దాదాపు 89 షాట్లు, 46.1 శాతం. రాసుకుని ముందుకు పదండి.

నాలుగో మెట్టు: వేగం లెక్క

ఇక్కడ జాగ్రత్త. బంతి మన చేతికొచ్చినప్పటి నుంచి ఎదుటి జట్టు చేతికి పోయేదాకా ఒక పొసెషన్. 1961-62లో జట్టుకు మ్యాచ్‌కు సుమారు 126 పొసెషన్లు, 2018-19లో సుమారు 100. మిర్యాలగూడ ఆయకట్టులో ఇద్దరు రైతుల పంట పోల్చాలంటే మొత్తం బస్తాలు అడగం, ఎకరానికి ఎన్ని అని అడుగుతాం. అట్లనే ఇక్కడ కూడా పొసెషన్‌కు ఎన్ని అని అడగాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. గోల అంతా దీని తర్వాతే.

కొత్తగా ఈ సంగతి తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే, చాంబర్లిన్ మ్యాచ్ సగటు 50.4 పాయింట్లను 126తో భాగించి వందతో గుణిస్తారు, 40 వస్తుంది. హార్డెన్ 36.1 పాయింట్లు 36.8 నిమిషాల్లోనే చేశాడు, అంత సమయంలో జట్టుకు వచ్చేవి దాదాపు 77 పొసెషన్లు, అంటే వందకు 47. ఇంకేముంది, హార్డెన్ గొప్ప, చాంబర్లిన్ ఉత్త లెక్కల మాయ అని పుస్తకం మూసేస్తారు. మూయకండి. ఈ లెక్కలో మూడు చోట్ల తేడా ఉంది.

ఒకటి, ఆ 126 నేరుగా లెక్కపెట్టిన అంకె కాదు. పొసెషన్లు తేల్చాలంటే టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం), అఫెన్సివ్ రీబౌండ్లు (మన పడని షాట్‌ను మళ్లీ మనమే అందుకోవడం) తెలియాలి. అఫెన్సివ్ రీబౌండ్లు 1973-74 నుంచి, ఆటగాళ్లవారీగా టర్నోవర్లు 1977-78 నుంచి మాత్రమే రాశారు. కాబట్టి అది అంచనా. మంచి అంచనానే, కానీ దాని మీద దశాంశ స్థానాలు పెట్టి కొట్లాడటానికి పనికిరాదు.

రెండు, నిమిషాలు. చాంబర్లిన్ ఆ సీజన్‌లో సగటున 48.5 నిమిషాలు ఆడాడు. మ్యాచ్ ఉండేదే 48 నిమిషాలు, ఎక్స్‌ట్రా టైం కలిసి అంతకు మించిపోయింది. 80 మ్యాచ్‌లు దాదాపు బెంచీ మీద కూర్చోకుండానే ఆడిన మనిషి ప్రతి పొసెషన్‌లో ఒంట్లో ఉన్నదంతా పెట్టి ఆడలేడు, దమ్ము దాచుకోవాలి. పదకొండు నిమిషాలు కూర్చుని గాలి పీల్చుకున్నవాడు పెట్టగలడు. మన పిల్లల్లో ఒకరిని మ్యాచ్ మొత్తం ఆడించి, ఇంకొకరిని మధ్యలో దించుతూ ఆడించి చూడండి, ఎవరి పొసెషన్ లెక్క బాగుంటుందో అర్థమవుతుంది. పొసెషన్ లెక్క ఒక్కటే చూస్తే ఎక్కువసేపు ఆడగలిగినందుకు శిక్ష వేసినట్టే, అది నాకు అసలు ఒప్పుకోబుద్ధి కాదు.

మూడు, వేగం తగ్గితే పాయింట్లు కూడా అదే లెక్కన తగ్గుతాయన్న గ్యారంటీ లేదు. చాంబర్లిన్ మ్యాచ్‌కు దాదాపు 40 షాట్లు వేసేవాడు. ఆట నెమ్మదిస్తే ఆ జట్టు మిగతావాళ్ల షాట్లు తగ్గించి బంతి ఆయనకే ఇచ్చేదేమో, ఎవరు చెప్పగలరు? గుణకారం చెప్పలేదు.

అందుకే పొసెషన్ లెక్క పక్కన ఇంకో కాలమ్ గీయండి, వాటా అని పేరు పెట్టండి. చాంబర్లిన్ 50.4ను అప్పటి సగటు జట్టు స్కోరు 118.8తో భాగిస్తే 42 శాతం. హార్డెన్ 36.1ను 111.2తో భాగిస్తే 32 శాతం. చూశారా, ఒక కాలమ్‌లో హార్డెన్ ముందు, ఇంకో కాలమ్‌లో చాంబర్లిన్ ముందు. రెండూ నిజమే. ఒకటి కొట్టేయాలని చేయి పీకుతుంది, కొట్టేయకండి. తప్పనిసరిగా ఒకటే ఎంచుకోవాల్సి వస్తే వాటా ఎంచుకోండి, ఎందుకంటే నిమిషాలు మోయడం కూడా ఆటలో భాగమే.

ఐదో మెట్టు: షాట్ విలువ

చాంబర్లిన్ షాట్లు 50.6 శాతం పడ్డాయి, హార్డెన్‌వి 44.2. ఈ రెండూ పక్కపక్కన పెట్టడం పనికిరాని పని, ఎందుకంటే హార్డెన్ వేసినవాటిలో బోలెడు త్రీలు. ట్రూ షూటింగ్ తీయాలి, అంటే త్రీలు, ఫ్రీ త్రోలు అన్నీ కలిపి షాట్‌కు ఎంత దక్కిందన్న లెక్క. ఫ్రీ త్రోలను (ఫౌల్‌కు దొరికే ఒక్కో పాయింట్ షాట్లను) 0.44తో గుణించి, షాట్లకు కలిపి, వచ్చినదాన్ని రెట్టింపు చేసి, పాయింట్లను దాంతో భాగించాలి. చాంబర్లిన్‌వి 4,029 పాయింట్లు, 3,159 షాట్లు, 1,363 ఫ్రీ త్రోలు. 53.6 శాతం వస్తుంది. హార్డెన్‌ది 61.6.

ఇక్కడ కూడా ఆగొద్దు. అప్పటి లీగ్ సగటు 47.9, హార్డెన్ కాలంలో 56.0. చాంబర్లిన్ తన కాలం కంటే 5.7 పైన, హార్డెన్ తన కాలం కంటే 5.6 పైన. 57 ఏళ్ల తేడా, వేర్వేరు రూల్స్, ఒకరు రింగు కింద, ఒకరు గీత బయట, అయినా ఇద్దరూ తోటివాళ్ల కంటే దాదాపు ఒకే ఎత్తులో నిలబడ్డారు. నాకు ఈ పని మీద ఇష్టం పెరిగింది ఇలాంటివి చూసే. వీడియోలు చూసి అరుచుకునేవాళ్లకు ఇది ఎప్పటికీ కనపడదు.

ఆరో మెట్టు: ఎదురుగా ఎవరు?

"అప్పుడు పోటీ లేదు" అనే మాట ఇక్కడ పరీక్షించండి. 1961-62లో లీగ్‌లో ఉన్నవి 9 జట్లు, ఇప్పుడు 30. ఆడేవాళ్లు ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వస్తున్నారు, ఎత్తు, బలం, శిక్షణ అన్నీ పెరిగాయి, అది ఒప్పుకోవాల్సిందే. కానీ 80 మ్యాచ్‌లు ఎనిమిది జట్లతోనే ఆడాలి, అంటే ఒక్కో జట్టుతో సగటున పదిసార్లు, అందులో ఒక జట్టులో బిల్ రసెల్ ఉన్నాడు. 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన మనిషి. ఆ కాలంలో ఎంవీపీని (సీజన్ ఉత్తమ ఆటగాడిని) ఓట్లేసి ఎన్నుకున్నది ఆటగాళ్లే, సగటున 50 కొట్టిన ఏడు కూడా వాళ్లు చాంబర్లిన్‌ను కాదని రసెల్‌కే ఇచ్చారు. 2019లో హార్డెన్‌కూ రాలేదు, యానిస్ ఆంటెటొకౌన్‌పోకు పోయింది. ఎదురుగా నిలబడి ఆడినవాళ్ల మాట కూడా పేజీలో ఉండాలి.

ఫలానావాడిని టైమ్ మెషిన్‌లో తెచ్చి ఇప్పుడు దింపితే ఏమవుతుంది అనే ఆట మాత్రం ఆడకండి. కాన్వాస్ బూట్లతో తెస్తారా, ఇప్పటి డాక్టర్లు, ట్రైనర్లు, తిండి ఇచ్చి తెస్తారా? దాన్ని బట్టి జవాబు మారిపోతుంది, ఎవరికి కావాల్సిన జవాబు వాళ్లు తెచ్చుకుంటారు.

ఏడో మెట్టు: ఆట చూడండి, పూర్తిగా

హైలైట్స్ కాదు, కనీసం ఒక పూర్తి మ్యాచ్. పాతవాళ్లవి అన్నీ దొరకవు. చాంబర్లిన్ 1962 మార్చి 2న హెర్షీ పట్టణంలో న్యూయార్క్ నిక్స్ జట్టు మీద 100 కొట్టిన మ్యాచ్‌కు వీడియోనే లేదు, చివరి క్వార్టర్ రేడియో కామెంటరీ మాత్రం ఉంది. దొరికినవాటిలో బంతి లేనప్పుడు ఆ మనిషి ఏం చేస్తున్నాడో చూడండి, డిఫెన్స్‌కు పరుగెత్తాడా నడిచాడా అన్నది రాసుకోండి.

ఆ తర్వాత తీర్పు రాయండి, సీజన్ పేరుతో, కారణంతో. నా పేజీలో ఇలా ఉంది: మోసిన భారంలో 1961-62 చాంబర్లిన్ ముందు, పొసెషన్‌కు పాయింట్లలో 2018-19 హార్డెన్ ముందు, షాట్ విలువలో తోటివాళ్ల మీద ఇద్దరూ సమానం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీనికంటే ముందు ఆస్కార్ రాబర్ట్‌సన్ 1961-62, రస్సెల్ వెస్ట్‌బ్రూక్ 2016-17 చేయండి. ఇద్దరిదీ సీజన్ సగటు ట్రిపుల్ డబుల్, అంటే పాయింట్లు, రీబౌండ్లు, అసిస్ట్‌లు (తోటివాడి బుట్టకు దారితీసిన పాస్‌లు) మూడూ పదికి పైనే. రాబర్ట్‌సన్ 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్ట్‌లు, వెస్ట్‌బ్రూక్ 31.6, 10.7, 10.4. రీబౌండ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి, పడని షాట్ ఉంటేనే రీబౌండ్ ఉంటుంది. 1961-62లో జట్టుకు దాదాపు 62 షాట్లు తప్పేవి, 2016-17లో దాదాపు 46. నిమిషాలు కూడా చూడండి, రాబర్ట్‌సన్ 44.3, వెస్ట్‌బ్రూక్ 34.6. బిల్ రసెల్‌ను చివరికి పెట్టుకోండి. ఆయన చేసిన పనిలో పెద్ద భాగం ఏ కాలమ్‌లోనూ లేదు కాబట్టి దొరికినన్ని పూర్తి మ్యాచ్‌లు పెట్టుకుని బ్లాకులు మీరే లెక్కపెట్టాలి.