హిమోగ్లోబిన్ ఆకారాన్ని ఆల్ఫాఫోల్డ్‌తో కట్టి చూడటం ఎలా?

ప్రొటీన్ ఆకారం తేల్చాలంటే ఒకప్పుడు స్ఫటికాలు పెంచి, ఎక్స్‌రేలతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాల్సి వచ్చేది. ఇప్పుడు అమైనో ఆమ్లాల వరుస ఉంటే చాలు, గూగుల్ డీప్‌మైండ్ వారి ఏఐ సాధనం ఆల్ఫాఫోల్డ్ సర్వర్ నిమిషాల్లో బొమ్మ కట్టి ఇస్తుంది. ఆ బొమ్మను ఎంతవరకు నమ్మాలన్నదే చిక్కు.

1. ప్రొటీన్ల వరుసలు దొరికే యూనిప్రాట్ సైట్‌లో పి68871 అని వెతకండి. అది మనిషి హిమోగ్లోబిన్ బీటా గొలుసు, 147 అక్షరాలు (ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లం). ఆల్ఫా గొలుసు పి69905, 142 అక్షరాలు. రెండింటిలోనూ మొదటి 'ఎం' తీసేయండి. అది మెథియోనిన్, ఒంట్లో గొలుసు తయారయ్యేటప్పుడే తెగిపోతుంది.

2. గూగుల్ ఖాతాతో సర్వర్‌లోకి వెళ్లి రెండు వరుసలూ అతికించండి. హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా, బీటా గొలుసులు రెండేసి ఉంటాయి కాబట్టి ఒక్కోదానికి కాపీలు 2 పెట్టండి. లిగాండ్‌గా, అంటే ప్రొటీన్‌కు అతుక్కునే చిన్న అణువుగా, ఆక్సిజన్‌ను పట్టే హీమ్ 4 చేర్చండి. చాలామంది కాపీల సంఖ్య మార్చడం మరిచిపోతారు. అప్పుడు వచ్చేది సగం హిమోగ్లోబినే.

3. ఫలితంలో 5 నమూనాలుంటాయి. ముందు రంగులు చూడండి. ముదురు నీలమైతే నమ్మకం మార్కు వందకు 90 పైన, లేత నీలం 70-90, పసుపు 50-70, నారింజ 50 లోపు. నారింజ భాగం తప్పే కానక్కర్లేదు. నిజంగానే స్థిరమైన ఆకారం లేని ముక్క కావచ్చు. అయితే ఇవి ఎక్కడికక్కడ వేసిన మార్కులు. నాలుగు గొలుసులూ ఒకదానితో ఒకటి సరిగ్గా అమరాయా అన్నది ఐపీటీఎం అనే మరో మార్కు (0 నుంచి 1 వరకు) చెబుతుంది. 0.8 దాటితే ధైర్యంగా ముందుకెళ్లవచ్చు, 0.6 లోపైతే ఆ అమరికను పక్కన పెట్టండి. హిమోగ్లోబిన్‌కు మంచి మార్కులొస్తే మాత్రం మురిసిపోవద్దు. దాని ప్రయోగ నిర్మాణాలు ఆల్ఫాఫోల్డ్ శిక్షణలోనే ఉన్నాయి, అంటే ఇది సిలబస్‌లోని ప్రశ్నే.

4. ఇప్పుడు బీటా వరుసలో 6వ అక్షరం 'ఇ' (గ్లుటామిక్ ఆమ్లం) తీసి 'వి' (వాలీన్) పెట్టి మళ్లీ నడపండి. సికిల్ సెల్ జబ్బుకు మూలం ఈ ఒక్క మార్పే. యూనిప్రాట్ లెక్కలో అది 7వ స్థానం, ఎందుకంటే అక్కడ 'ఎం' కూడా లెక్కలోకి వస్తుంది. ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

రెండు బొమ్మలూ దాదాపు ఒకేలా వస్తాయి. ఈ మార్పు హిమోగ్లోబిన్ మడతను పెద్దగా చెడగొట్టదు మరి. ఆక్సిజన్ వదిలేశాక ఒక అణువులోని ఆ వాలీన్ పక్క అణువులోని గుంటలో ఇరుక్కుంటుంది. అలా అణువులు పోగులై ఎర్ర కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. మీ బొమ్మలో ఉన్నది ఒక్క అణువు, పోగు కాదు.