మనవాళ్లను అరెస్టు చేస్తే: బెయిలు కోసం పట్టుకోవాల్సిన రోజుల లెక్క

అరెస్టు అని తెలియగానే ఎమ్మెల్యే మనుషులకో, స్టేషన్ దగ్గర తిరిగే మధ్యవర్తికో ఫోన్ చేస్తాం. దయచేసి ముందు ఒక కాగితం మీద తేదీ, టైము రాయండి. అరెస్టు, బెయిలు ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 2024 జులై 1న పోయి, దాని చోట బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చింది, అందులోనూ బెయిలు హక్కుల్లో చాలావరకు రోజుల లెక్క మీదే నడుస్తాయి.

స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లు అడగండి, వాటికి గరిష్ఠ శిక్ష ఎంతో తెలుసుకోండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడుతుంది. బెయిలబుల్ కేసైతే, అంటే బెయిలు హక్కుగా దొరికే కేసైతే, ష్యూరిటీ (జామీను) ఇచ్చి అక్కడి నుంచే తెచ్చుకోవచ్చు, వారంలో ష్యూరిటీ తేలేకపోతే పేదవాడిగా లెక్కగట్టి సొంత బాండు మీదే వదలాలి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో చాలాసార్లు అరెస్టు చేయకుండా, స్టేషన్‌కు హాజరు కమ్మని 35(3) నోటీసు ఇస్తారు, పాత చట్టంలో 41ఏ నోటీసు అదే. ఆ నోటీసు వస్తే ఎగ్గొట్టకండి. మూడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసులో 60 దాటిన పెద్దవాళ్లను అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి, అంటే బెజవాడలో అయితే ఏసీపీ, అనుమతి ఉండాలి.

అరెస్టు మెమో మీద ఇంటివాళ్లో, ఆ పేటలో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. పెట్టేముందు అందులో వేసిన టైము చూడండి, పొద్దున తీసుకెళ్లి రాత్రి అని రాస్తే ఒప్పుకోవద్దు, ఎందుకంటే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్న లెక్క అక్కడే మొదలవుతుంది.

రిమాండ్ పడితే ఆ రోజుతో కలిపి లెక్కపెట్టండి. పదేళ్లు, ఆపైన శిక్ష పడే కేసులో 90 రోజులు, మిగతా వాటిలో 60 రోజులు దాటినా చార్జిషీటు రాకపోతే డిఫాల్ట్ బెయిలు మన హక్కు, కానీ మన పిటిషన్ కంటే ముందు చార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది కాబట్టి లాయరు గారికి రెండు రోజుల ముందే గుర్తుచేయండి. లైసెన్సు లేని నాటు తుపాకీ కేసు తీసుకోండి, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో శిక్ష పెరిగి కనీసం రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు అయింది, అయినా పదేళ్ల లోపే కాబట్టి 60 రోజులే. అదే కేసులో గతంలో ఏ నేరానికీ శిక్ష పడి ఉండక, వేరే కేసులేవీ నడుస్తూ లేకపోతే, గరిష్ఠ శిక్షలో మూడో వంతు అంటే 20 నెలలు జైల్లో గడిచాక 479 సెక్షన్ కింద వదలాలి, కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌ది.

అన్నట్టు, తాతగారి లైసెన్సు తుపాకీ ఆయన పోయాక కూడా బీరువాలోనే ఉందా? ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి, లేకపోతే అదే కేసవుతుంది.

బెయిలు వచ్చాక కూడా ష్యూరిటీల దగ్గర ఆగిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఇంటిపన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో ఉన్న ఇద్దరు బంధువులను ముందే సిద్ధం చేసుకోండి. కోర్టు బయట దొరికే అద్దె ష్యూరిటీల జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు, కాగితాలు దొంగవని తేలితే ఇంకో కేసు. నెల దాటినా ష్యూరిటీ దొరకకపోతే షరతులు తగ్గించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది, ఆ మాట చెప్పి పిటిషన్ వేయించండి. లాయరుకు డబ్బుల్లేకపోతే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేయండి, కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు.